రెబెకా పెరట్లో ప్లాస్టిక్ గడ్డి

ప్రత్తిపాడు చర్చి వెనక వీధిలో రెబెకాని మొహం చూసి గుర్తుపట్టలేని రైతులు ఉండొచ్చు గానీ, ఆమె కళ్లాన్ని ఎరగనివాళ్లు లేరు. ఇంటి వెనక సెంటుకు పైచిలుకు ఖాళీ జాగా. వానలు వెనకపట్టగానే దాన్ని చెక్కి, తడిపి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి అద్దంలా చేసేది. అక్కడ ఎండిన మిరపకాయకి ఇసుక రేణువు కూడా అంటదని పేరు. సీజను మొదలైతే రైతులు ట్రాక్టర్ల మీద కాయ తెచ్చి పోసేవాళ్లు. రెబెకా, పక్కింటి అమీర్‌బీ, వీధిలో ఇంకొందరు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ముచ్చికలు తుంచి, రంగు పోయిన తాలు కాయ ఏరేసి, మేలు కాయని బస్తాలకెత్తి గుంటూరు యార్డుకి పంపేవాళ్లు. అదే ఆమె ఉద్యోగం, అదే ఆమె ఆఫీసు.

కొత్త కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆ పని ఆమెకి తెలియదు. మొదటి రోజు ముచ్చికలు తీసొచ్చి చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతుంటే, మజ్జిగ గిన్నెలో వేళ్లు ముంచుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. మొగుడు జక్రయ్య యార్డులో హమాలీ. ఆయనే అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. "ఏందిరా, పెళ్లాన్ని తెచ్చుకున్నావా, పసిబిడ్డని తెచ్చుకున్నావా?" అని వాళ్లమ్మ దెప్పినా పట్టించుకోలేదు. ఆ సీజనంతా అట్టాగే పెట్టాడు. తర్వాత సీజనుకి మంట తగ్గింది. ఆ తర్వాత పోయింది. మంట పోయిందంటే పని వచ్చినట్టేనని ఆడవాళ్లంతా అన్నారు. రెబెకాకి అది నిజంగానే గర్వంగా ఉండేది. పొయ్యి మీది గిన్నెని గుడ్డ లేకుండా దించి, "చూశావా నా చేతులు?" అని జక్రయ్యని ఆట పట్టించేది.

అయితే కాయ చేతులకి ఒక కట్టుబాటుంది. ఆ పని చేసే ఏ తల్లీ బిడ్డ మొహాన్ని అరచేత్తో ముట్టుకోదు. మన చేతికి తెలియకపోయినా ఘాటు చేతిలోనే ఉంటుంది మరి! ఎంత కడిగినా గోళ్ల సందుల్లో దాక్కుంటుంది. అందుకే బిడ్డ కళ్లు తుడవాలంటే చెయ్యి మడిచి, వేళ్లు దూరంగా పెట్టి, మోచేతి లోపలి వైపుతో తుడుస్తారు. రెబెకా కొడుకు బెన్నీని అట్టాగే పెంచింది. పదో తరగతి తప్పి గడపలో కూర్చుని ఏడ్చినప్పుడు కూడా, మీసాలొచ్చిన కొడుకుని మోచేత్తోనే తుడిచింది.

జక్రయ్య రెండేళ్ల కిందట పోయాడు. యార్డులో బస్తా భుజానికెత్తుకుంటూనే కూలిపోయాడు. ఊరవతల సమాధుల తోటలో నల్లరేగడి మట్టిలో పెట్టారు. చుట్టూ అందరివీ సిమెంటు సమాధులు, పాలరాతి మీద వాక్యాలు, సున్నం వేసిన సిలువలు. జక్రయ్యది మాత్రం ఉత్త మట్టి దిబ్బ. ప్రతి వానకీ కాస్త కుంగుతుంది, ప్రతి వేసవికీ నెర్రెలిస్తుంది. రెబెకా చీటీ వేసింది. చీటీ డబ్బులు రాగానే గ్రానైటు సమాధి కట్టించి, పేరు చెక్కించాలని ఆమె పట్టుదల. నాకు ముద్దలు పెట్టిన మనిషి మట్టిలో అట్టా పేరు లేకుండా పడుండటమేంటి అని లోపల కుమిలేది. చీటీ దేనికో బెన్నీకి తెలుసు గానీ, ఆ కుములుడు మాత్రం వాడికి కూడా చెప్పలేదు.

ఇక ఫెబా సంగతి. బెన్నీ కూతురు, రెబెకా ప్రాణం. నెలలు నిండకుండా పుట్టింది. మాటలు గలగలా వచ్చాయి గానీ కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అయిదేళ్లు వచ్చినా నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుంటే తప్ప అడుగు పడదు. ఇంట్లో టైల్సు మీద ఒకసారి జారి గడ్డం పగిలింది. అప్పట్నుంచి స్టాండు వదలమంటే గొంతు చించుకుని ఏడుస్తుంది. బయటికి తీసుకెళ్దామంటే వీధంతా సిమెంటు రోడ్డు. పెరడేమో రేగడి, వానాకాలం బురద, వేసవిలో పిల్ల కాలు దిగబడే నెర్రెలు. కళ్లం గట్టిపరిచిన నాలుగు నెలలూ దాని మీద మిరపకాయ.

గుంటూరులో ఫిజియోథెరపీకి తీసుకెళ్లినప్పుడు ఒక రోజు కోడలు సంతోషకుమారికి తను పనిచేసే స్కూల్లో సెలవు దొరకలేదు, రెబెకా వెళ్లింది. అక్కడ ఒక గది నిండా పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచి ఉంది. ఫెబాని దాని మీద నిలబెట్టారు. పిల్ల కిందకి చూసింది, కాలి వేళ్లతో గడ్డిని నొక్కి చూసింది, స్టాండు వదిలేసింది. రెండడుగులు వేసి పడింది. పడి నవ్వింది! పడితే దెబ్బ తగలదని దానికి అర్థమైపోయింది. రెబెకా గోడ పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూసింది.

"ఇది ఇళ్లల్లో కూడా వేస్తారా అమ్మా?" అని అక్కడి అమ్మాయిని అడిగింది.

"వేస్తారండీ. రోజూ పొద్దున, సాయంత్రం ఇలాంటి నేల మీద నడిపిస్తే తొందరగా నడుస్తుంది. వారానికోసారి ఇక్కడికి తెస్తే చాలదు."

రెబెకా బస్సులో ఆ మాటే మనసులో తిప్పుకుంటూ వచ్చింది. ఇంటికి రాగానే కళ్లం చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

ప్లాస్టిక్ గడ్డి పరిచే పని చేసే ముబీన్ అనే కుర్రాణ్ణి బెన్నీ గుంటూరు నుంచి పిలిపించాడు. ముబీన్ టేపు పట్టి జాగా కొలిచి, కాలి బూటుతో నేలని తన్ని చూసి పెదవి విరిచాడు.

"రేగడి కదమ్మా. ఖర్చు గడ్డిది కాదు, మీ నేలది. గడ్డి ఒక్కటే అయితే అడుగు అరవైకే వస్తుంది. దీని మీద అట్టాగే పరిస్తే వచ్చే వేసవికి నేల పగులుద్ది, గడ్డి గుంటలు పడుద్ది, పిల్ల కాలు మడతపడుద్ది. జానెడు లోతు మట్టి తీసేయాలి. గ్రావెల్ పోసి రోలర్ తిప్పాలి, దాని మీద రాతి పొడి, దాని మీద గుడ్డ, అప్పుడు గడ్డి. అన్నీ కలిపి అడుగు నూట ముప్పై."

"మొత్తం ఎంతవుద్ది బాబూ?"

"అరవై వేలకి అటూ ఇటూగా."

బెన్నీ తలకాయ గోక్కున్నాడు. కోల్డ్ స్టోరేజిలో ఎలక్ట్రీషియన్ జీతం వాడిది. "అమ్మా, వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నాడు.

"వచ్చే ఏడాదికి దాని కాళ్లు ఇంకా బిగుసుకుంటయ్. చీటీ డబ్బులున్నయ్‌గా."

"అవి నాన్న సమాధికి కదే!"

"మీ నాన్నకేం తొందరరా. పడుకున్న మనిషి. పిల్ల నడవాలి."

గట్టిగానే అన్నది గానీ ఆ రోజు అన్నం సయించలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. జానెడు మట్టి తీసేస్తే కళ్లం పోయినట్టే. ఇన్నేళ్లుగా దిమ్మిసతో కొట్టి కొట్టి తయారుచేసిన నేల. సీజను కూలీ పోతుంది, రైతులు వేరే కళ్లం చూసుకుంటారు. అమీర్‌బీ వచ్చి, "ఏంది రెబెకక్కా, చేతులారా పొట్ట కొట్టుకుంటన్నావా?" అని అడిగింది. "నువ్వు నీ వాకిట్లో పోయించుకోవే. నేనొచ్చి కూలికి కూర్చుంటా" అంది రెబెకా. తన కళ్లం మీద తను యజమానిలా బతికిన మనిషి పక్కవాళ్ల వాకిట్లో కూలికి కూర్చోవడమంటే చిన్న మాట కాదు. అయినా అనేసింది.

నవంబరులో పని జరిగింది. గునపాలు కళ్లం మీద పడుతుంటే రెబెకా ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆఖరున గడ్డి చుట్టలు విప్పి పరిచి, అతుకులు జిగురేసి, మీద సన్నటి ఇసుక చల్లి బ్రష్షుతో రుద్దాక, పెరడు అంచు నుంచి అంచుకి పచ్చగా నిండిపోయింది. వీధి వీధంతా వచ్చి చూసింది. "గేదెని కట్టేయకండమ్మా, మోసపోద్ది" అని నవ్విపోయారు.

అది ఎండలో మధ్యాహ్నం పెనంలా కాలేది. అందుకని పొద్దున ఎండ రాకముందు, సాయంత్రం చల్లబడ్డాక నడిపించేవాళ్లు. పెరటి చివర బట్టలుతికే బండ ఉంది. రెబెకా దాని మీద కూర్చుని చేతులు చాపేది. ఫెబా గుమ్మం దగ్గర స్టాండు వదిలి బయలుదేరేది. మొదట మూడడుగులకోసారి పడేది. పడినప్పుడల్లా "పడ్డా నాయనమ్మా!" అని తనే కేకేసి చెప్పేది. క్రిస్మస్‌కి సగం పెరడు దాటింది. ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం గుమ్మం నుంచి బండ దాకా పడకుండా వచ్చి రెబెకా మోకాళ్లకి గుద్దుకుంది. ఆ రాత్రి రెబెకా ప్రార్థనలో మాటలు రాక ఊరికే మోకరించి లేచింది.

మార్చిలో అకాల వాన పడింది. అమీర్‌బీ వాకిట్లో అంకయ్య అనే కౌలు రైతు కాయ ఎండుతోంది. ఏడాది కష్టమంతా అక్కడే ఉంది ఆయనది. రాత్రంతా పట్టాలు కప్పినా కింద నుంచి నీళ్లు చేరి కాయ తడిసింది. పొద్దునే ఎండ కాసింది గానీ ఊళ్లో ఎక్కడా ఆరిన నేల లేదు. అంకయ్య తడి కాయ గుప్పిట్లో పట్టుకుని నిలబడి, "సాయంత్రానికి తాలైపోద్దమ్మా, ఇంక నేను అయిపోయినట్టే" అన్నాడు. 

రెబెకా గోడ మీదుగా చూసింది. తన పెరట్లో గడ్డి పొడిగా ఉంది. కింద గ్రావెల్ నీళ్లని ఎప్పుడో తాగేసింది. ఫెబాని తీసుకుని బెన్నీ, సంతోషకుమారి చెకప్‌కి గుంటూరు వెళ్లారు, సాయంత్రానికి గానీ రారు. మిరపకాయ తడిసి పాడవుతుంటే చూస్తూ కూర్చోవడం ఆమె ఒంట్లో లేదు. ఎవరూ అడగలేదు. తనే అంది.

"తెచ్చి మా పెరట్లో పోయండి."

"గడ్డి మీదా?" అంది అమీర్‌బీ.

"గడ్డేందే, ప్లాస్టికేగా. పట్టా మీద పోయమా? ఇదీ అట్టాంటిదే. ఊఁ, కదలండి!"

పట్టాలన్నీ నీళ్లోడుతున్నాయి, కింద పరచడానికి ఒక్కటి కూడా లేదు. కాయ నేరుగా గడ్డి మీదే పోశారు. ఆడవాళ్లు కాళ్లతో తిరగేశారు. ఎండకి కాయలు గలగలలాడాయి. మూడు గంటలకల్లా ఎత్తేశారు. అంకయ్య రెబెకాకి దండం పెట్టి వెళ్లాడు.

ఆమె పెరడంతా చీపురుతో ఊడ్చింది. పైపు పెట్టి కడిగింది. తర్వాత వంగి, మూల మూలకీ అరచెయ్యి పెట్టి రుద్ది రుద్ది చూసింది. ఎక్కడా చురుక్కుమనలేదు. హమ్మయ్య అనుకుంది. అయ్యో, ఆ చెయ్యికి ఏం తెలుస్తుంది? ముప్పై ఏళ్లు బిడ్డల మొహానికి తగలనివ్వని ఆ చేతినే ఆ పూట నమ్మింది.

సాయంత్రం పిల్ల వచ్చింది. చెకప్‌లో మెచ్చుకున్నారట, నడిచి చూపిస్తానని ఒకటే గోల. గుమ్మం దగ్గర నిలబడి ముక్కు చిట్లించింది.

"కాయ వాసనొస్తోంది నాయనమ్మా."

"కడిగేశానే తల్లీ. ఇదిగో, చేత్తో రుద్ది చూశా, ఏం మండట్లా. రా."

ఫెబా స్టాండు వదిలింది. పెరడు సగం దాకా వచ్చి, సంబరంలో కాళ్లు తడబడి బోర్లా పడింది. పడ్డా నాయనమ్మా అనబోయి ఆగిపోయింది. చేతుల్తో కళ్లు నులుముకుంది. ఆ తర్వాత అరిచిన అరుపుకి గోడ అవతల అమీర్‌బీ చేతిలో చెంబు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. నీళ్లు, పాలు, కొబ్బరినూనె, ఏది పోసినా పిల్ల గిలగిలా కొట్టుకుంది. డాక్టరు చుక్కల మందు వేసి, చూపుకేం భయం లేదన్నాడు. వాచిన కళ్లు తెరుచుకోవడానికి మాత్రం మర్నాటి దాకా పట్టింది.

సంతోషకుమారి ఎప్పుడూ అత్తకి ఎదురు చెప్పని పిల్ల. ఆ రోజు ఆగలేకపోయింది. "చూడకుండా ఎట్టా వదిలారత్తయ్యా?"

"చూశానమ్మా. చేత్తో చూశా."

కోడలు ఆ చేతుల వంక చూసి పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

తిట్టింది ఫెబా. తిట్టు కాదు, ఒక్క మాటే అంది. "మండదన్నావుగా."

అంతే, ఆ పిల్ల మళ్లీ స్టాండు వదల్లేదు. గడ్డి మీదే కాదు, ఇంట్లో మంచం పట్టుకుని కూడా నిలబడనంది. బండ మీద కూర్చుని చేతులు చాపితే మొహం తిప్పుకుంది. చూస్తుండగానే కాళ్లు మళ్లీ బిగుసుకోవడం మొదలైందని గుంటూరులో చెప్పారు.  నడిపించిందీ రెబెకానే, ఆపేసిందీ రెబెకానే.

బెన్నీ ముబీన్‌కి ఫోన్ చేశాడు. ముబీన్ అంతా విన్నాడు. "అన్నా, నేను వేసిన గడ్డి మీద కుక్కలు తిరిగినయ్, పెళ్లి భోజనాలు పెట్టారు, బండి కూడా ఎక్కించాడొకాయన. మిరపకాయలు ఎండబోసింది మీరేనన్నా" అన్నాడు. కొత్తగా వేయాలంటే మళ్లీ అంత ఖర్చు. లేదంటే సర్ఫు నీళ్లతో రోజూ కడిగి, పోచల మొదళ్లలో దిగిన గింజలన్నీ ఏరాలి. ఏరినా పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనన్నాడు.

"ఏరడమేగా" అంది రెబెకా. ఏరడం ఆమెకి తెలిసిన పనే.

మర్నాటి నుంచి మొదలుపెట్టింది. కొంగు బిగించి, గడ్డి మీద కూర్చుని, పిల్లల తల పాయలు తీసినట్టు పోచలు విడదీసి ఒక్కో గింజా బయటికి లాగేది. అమీర్‌బీ పిలవకుండానే వచ్చి పక్కన కూర్చుంది. వీధి ఆడవాళ్లు కూలికి పోయొచ్చి, ఇంటి పని చూసుకుని, ఒక గంట కూర్చుని పోయేవాళ్లు. కళ్లం ఉన్నప్పటి లాగే గుండ్రంగా కూర్చున్నారు గానీ ఎవరూ కబుర్లు చెప్పుకోలేదు. అంకయ్యకి సంగతి తెలిసి డ్రమ్ముతో నీళ్లు తోలాడు. గుమ్మం దాటి లోపలికి రాలేక బయట నుంచే వెళ్లిపోయాడు.

ఏరినంత మేరా సర్ఫు నీళ్లతో తోమి, కడిగి, ఆరాక చూడాలి. ఎట్టా చూడాలి? అక్కడ కూర్చున్న ఆడవాళ్లందరివీ కాయ చేతులే. ఏ చేతికీ ఏమీ తెలియదు. రెబెకా బోర్లా పడుకుంది. చెంప ఆనించి రుద్దింది. కళ్లు మూసుకుని రెప్పలు రుద్దింది. భగ్గుమంది. "అక్కా, నీకేమన్నా పిచ్చా?" అని అమీర్‌బీ లేవదీయబోతే, "ఇక్కడ ఇంకా ఉందే, మళ్లీ కడగాలి" అంటూ మండే కళ్లతోనే బకెట్ కోసం తడుముకుంది. రోజూ అదే పని. ఒక చాప మేర ఏరడం, కడగడం, ఆరాక మొహం పెట్టడం. మొహం ఉబ్బి ఎర్రబడింది. చర్చిలో పాస్టరమ్మ ఏమైందని అడిగితే ఎండ దెబ్బ అని చెప్పింది.

గుమ్మంలో స్టాండు పట్టుకుని ఫెబా ఇదంతా చూస్తూ ఉండేది. 

ఈస్టరు వచ్చింది. తెల్లవారుజామునే అందరూ కొవ్వొత్తులతో సమాధుల తోటకి వెళ్లారు. సున్నం వేసిన సమాధుల మీద పూలు, వెలుగులు. రెబెకా తన మట్టి దిబ్బ దగ్గర కూర్చుని, కొవ్వొత్తి నిలబడటానికి నెర్రెలో ఇంత మట్టి నింపింది. "నీ రాయి డబ్బులు తీసుకెళ్లి పిల్ల కాళ్ల కింద పోశా. పోసి మళ్లీ నేనే పాడు చేశా" అంది పైకే. ఎండిపోయిన ఆ మట్టి మీద చెయ్యి పెట్టింది. "కోప్పడతావా?" అని అడిగింది. పాటలు మొదలయ్యాయి, తూరుపు తెల్లబడింది. అందరూ లేచేదాకా అట్టాగే కూర్చుంది.

ఇంటికొచ్చి కొత్త చీర కూడా మార్చకుండా పెరట్లోకి వెళ్లింది. బండ ముందు ఆఖరి ముక్క మిగిలి ఉంది. పడుకుని కుడి చెంప రుద్దింది, ఎడమ చెంప రుద్దింది, రెప్పలు రుద్దింది. ఆగి చూసింది. ఏమీ లేదు.

"మండుతోందా?" అంది ఫెబా గుమ్మంలోంచి. కొత్త గౌను వేసుకుని స్టాండు పట్టుకుని ఉంది.

"లేదే."

"ఆ రోజూ అట్టాగే అన్నావ్."

"ఆ రోజు చేత్తో చూశా తల్లీ. నా చెయ్యి మొద్దుబారిపోయింది, దానికి తెలియలా. ఇయ్యాల మొహంతో చూశా."

పిల్ల ఆలోచించింది. "కళ్లు తెరువు" అంది.

రెబెకా చెంప గడ్డి మీద నుంచి ఎత్తకుండానే కళ్లు పెద్దవి చేసి తెరిచింది. ఫెబా దూరం నుంచే పరీక్షగా చూసింది. నీళ్లు లేవు. స్టాండు మీద నుంచి ఒక చెయ్యి తీసింది. రెండో చెయ్యి తీసింది. గడ్డి మీద కాలు పెట్టి ఆగింది.

ఒక అడుగు పడింది. రెబెకాకి ఏడుపు తన్నుకొచ్చింది. దేవుడా, ఇప్పుడు వద్దు, ఇప్పుడు నీళ్లొస్తే మంటనుకుంటుంది, ఆగిపోతుంది. పళ్లు బిగించింది. చింతపండు రేటు గుర్తు చేసుకుంది, కరెంటు బిల్లు గుర్తు చేసుకుంది. ఇంకో అడుగు పడింది. ఇంకోటి. పిల్ల చేతులు రెక్కల్లా చాపుకుని ఊగుతూ వస్తోంది. జక్రయ్య పోయిన రోజు కూడా ఇంత గట్టిగా ఏడుపు ఆపుకోలేదు ఆమె. రెప్ప వేస్తే ఎక్కడ జారుతుందోనని రెప్ప కూడా వేయలేదు.

ఫెబా వచ్చేసింది. మోకాళ్ల మీద కూలబడి, నెమ్మదిగా వంగి, నాయనమ్మ మొహానికి ఎదురుగా తన చెంప గడ్డికి ఆనించింది. ఊపిరి బిగబట్టి కాసేపు ఉంది.

"మండట్లా" అంది.

అప్పుడు రెబెకా కళ్లు కారిపోయాయి. ఇక ఆపడం ఆమె వశం కాలేదు. ఫెబా గాభరాగా తల ఎత్తింది. "నీ దగ్గర మండుతోందా నాయనమ్మా?"

"లేదమ్మా. ఇది మంట కాదు."

నమ్మాలా వద్దా అన్నట్టు పిల్ల ఒక్క క్షణం చూసింది. తర్వాత గౌను చెయ్యి పైకి లాక్కుంది. వేళ్లు దూరంగా పెట్టి, చెయ్యి మడిచి, ఆ చిన్న మోచేతి లోపలి వైపుతో నాయనమ్మ కళ్లు ఒకటొకటిగా తుడిచింది. ఆ ఇంట్లో కళ్లు తుడవడమంటే దానికి తెలిసింది అదే. రెబెకా కదలకుండా తుడిపించుకుంది.